సముద్రం పక్క ఇంట్లో పాత బీరువాకు కొత్త రంగు

జనవరి, సంక్రాంతి వెళ్లాక

ఈసారి పని పెట్టుకున్నవి మూడు: అత్తయ్య గారి ఇనుప బీరువా, వరండాలోని మడత కుర్చీలు, ఒక ట్రంకుపెట్టె. మా ఇల్లు విశాఖలో, చినవాల్తేరు వైపు. డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. హైదరాబాద్‌లో మా ఆడపడుచు ఇంట్లో ఇదే వయసు బీరువా ఒకటి ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. ఇక్కడిదానికి అడుగంతా తుప్పు తినేసింది.

బీరువా 1970ల్లో అత్తయ్య పెళ్లికి సారెతో వచ్చింది. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు. అసలు రంగు ముదురు ఆకుపచ్చ, ఫ్యాక్టరీలో పొయ్యిలో పెట్టి కాల్చిన ఎనామెల్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పడకగది కిటికీ అద్దాలు పగిలాయి. లోపలికి కొట్టిన జల్లు నోటికి ఉప్పగా తగిలిందని అత్తయ్య ఇప్పటికీ చెబుతారు. ఆ నీళ్లు బీరువా అడుగున నిలిచిపోయాయి. తర్వాత తుడిచి, ఆరబెట్టి, పైన చాక్లెట్ రంగు వేయించారు. పైకి బాగానే కనిపించింది. కానీ ఇప్పుడు కింది అంచు దగ్గర గోరుతో గీరితే రంగు అప్పడంలా లేచి వస్తోంది, దాని కింద ఎర్రటి పొడి.

తుప్పు గీకితే పోతుంది, ఉప్పు పోదు. నేను ఈ పని మొత్తం చేస్తున్నది ఈ ఒక్క మాట మీదే. తుప్పు పట్టిన రేకు మీద కంటికి ఆనని చిన్న చిన్న గుంటలు పడతాయి. ఉప్పులోని క్లోరైడు వాటి అడుగున చేరి కూర్చుంటుంది. వైర్ బ్రష్‌తో ఎంత రుద్దినా గుంట అంచులు మెరుస్తాయే తప్ప అడుగుకు బ్రష్ అందదు. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పూర్తిగా నీరు దూరని పొర అంటూ ఉండదు. తేమ మెల్లగా లోపలికి దిగుతుంది, ఉప్పు దాన్ని లాక్కుంటుంది, రంగు బొబ్బలెక్కుతుంది. బొబ్బ పగిలిన చోట తుప్పు మళ్లీ మొదలు. కాబట్టి మా ఇంట్లో వరస ఇది: ముందు కడగాలి, తర్వాత గీకాలి, మళ్లీ కడగాలి. అప్పుడే రంగు మాట.

అదే వారం, విప్పే పని

బీరువా ఉన్నది నైరుతి మూల. అక్కడి నుంచి కదపడమంటే అత్తయ్యకు మనసు ఒప్పలేదు.

"పని అయ్యాక మళ్లీ అక్కడే పెడతాం కదా అత్తయ్యా, ఉత్తరం వైపు తెరుచుకునేలాగే."

"పెడితే సరే. శుక్రవారం మాత్రం కదపకండమ్మా."

శనివారం పొద్దున్నే మావారు, పక్కింటి అబ్బాయి కలిసి దాన్ని వెనక వరండాలోకి జరిపారు. తలుపులు కీలు పిన్నుల మీద నిలబడి ఉంటాయి. పిన్నులు తుప్పుకు బిగిసిపోయి కదల్లేదు. కిరసనాయిలు పోసి ఒక పూట వదిలేసి, కింది నుంచి మేకుతో మెల్లగా కొడితే పైకి లేచాయి. అరలు, లాకరు తలుపు, హ్యాండిలు, తాళం, అద్దం పట్టీలు అన్నీ విప్పాం. ఏ స్క్రూ ఎక్కడిదో తెలిసేలా విడివిడి కవర్లలో వేసి పేర్లు రాసి పెట్టాను. పనిలో పనిగా అన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీశాను. తాళానికి కడ్డీలు పైకి, కిందికి, పక్కకు మూడు వైపులా పోతాయి. వాటి అమరిక ఫొటో లేకుండా గుర్తుపెట్టుకోవడం కష్టం.

తలుపు మీద ఏళ్ల తరబడి వరలక్ష్మీ వ్రతానికి పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. అత్తయ్యే గోరువెచ్చటి నీళ్లతో తుడిచి, ఆ నీళ్లు తులసికోటలో పోశారు.

పాత రంగు సంగతి

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయం ఉంది. ఆ కాలపు ఎనామెల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల కోసం లెడ్ క్రోమేట్ కలపడం అప్పట్లో మామూలే. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని మన దేశంలో నిబంధన వచ్చింది 2016లో, అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఏ రంగునైనా సీసం ఉన్నట్టే లెక్కవేసి పని చేయడం మంచిది. ఈ బీరువా మీద ఆకుపచ్చా, దాని మీది చాక్లెట్ రంగూ రెండూ ఆ లెక్కలోకే వస్తాయి.

అందుకని గ్రైండర్‌కు గరుకు చక్రం తగిలించి దుమ్ము లేపే పని పెట్టుకోలేదు. బ్లోలాంపుతో కాల్చి గీకే పద్ధతి కూడా చూశాను గానీ అది ఇంకా ప్రమాదం, సీసం ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాక్లెట్ రంగు వరకు పెయింట్ రిమూవర్ పూసి, మెత్తబడ్డాక లప్పం పట్టీతో గీకాను. మిగిలిన చోట వాటర్ పేపరు (నీళ్లతో వాడే గరుకు కాగితం) తడిపి రుద్దడమే. కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, గీకినదంతా అందులోనే మూటగట్టాను. ఎన్95 మాస్కు, చేతులకు తొడుగులు. పని బట్టలు విడిగా ఉతికాను. పిల్లల్ని వెనక వరండా వైపు రానివ్వలేదు. ఈ జాగ్రత్తలు ఎక్కువనిపించినా సరే, సీసం విషయంలో నేను తగ్గను. చిన్నపిల్లల మెదడు మీద దాని ప్రభావం మళ్లీ బాగుచేయగలిగేది కాదు.

ఆకుపచ్చ పొర గట్టిగా పట్టుకుని ఉన్న చోట దాన్ని తీయలేదు. పూర్తిగా ఇనుము బయటపడేదాకా గీకితేనే పని చేసినట్టు అని చాలామంది అంటారు. నాకది సరనిపించదు. ఫ్యాక్టరీలో కాల్చి పట్టించిన పొరతో ఇంట్లో బ్రష్‌తో వేసే రంగు సరితూగదు. గట్టిగా ఉన్నదాన్ని ఉంచుకుని, అంచులు మాత్రం చేతికి తగలకుండా 220 నంబరు పేపరుతో వాలుగా రుద్దుకుంటే చాలు. పైగా సీసం దుమ్ము కూడా తగ్గుతుంది.

జనవరి చివర, అడుగు పలక

అడుగు పలక దగ్గర నాకు నేనే ఒక పరీక్ష పెట్టుకున్నాను. పలక మొత్తాన్ని వైర్ బ్రష్‌తో, 80 నంబరు పేపరుతో తెల్లగా మెరిసేదాకా రుద్దాను. ఎడమ సగాన్ని అలాగే వదిలేశాను. కుడి సగాన్ని మంచినీళ్లతో, నైలాన్ బ్రష్‌తో గుంటల్లోకి నీళ్లు వెళ్లేలా రుద్ది కడిగాను. నీళ్లు మారుస్తూ మళ్లీ మళ్లీ కడిగాను. వెంటనే గుడ్డతో ఒత్తి, ఎండలో నిలబెట్టి, మడతల్లో తడి పోయేలా హెయిర్ డ్రయర్ పట్టాను. ఇక్కడ బోరు నీళ్లు కూడా కొంచెం ఉప్పగా ఉంటాయి, అందుకని కడగడానికి తాగే నీళ్లే వాడాను. సాయంత్రం రెండు సగాలూ ఒకేలా వెండిలా మెరుస్తున్నాయి. రాత్రి వరండాలోనే వదిలేశాను.

పొద్దున చూస్తే ఎడమ సగంలో ప్రతి గుంట చుట్టూ ఆవగింజంత నారింజ చుక్క. కొన్ని చోట్ల చుక్క మధ్యలో చిన్న తడి బిందువు కూడా ఉంది, దాని చుట్టూ తుప్పు వలయం. వేలితో తుడిస్తే చెరిగిపోతుంది గానీ నల్లటి గుంట అలాగే ఉంటుంది. కుడి సగంలో అక్కడక్కడ పలచటి గోధుమ నీడ తప్ప చుక్కల్లేవు. ఒకే రేకు, ఒకే గాలి. మధ్యలో గీసిన గీత దగ్గర తేడా ఎంత స్పష్టంగా ఉందంటే మావారు కూడా వచ్చి ఫొటో తీసుకున్నారు. ఎడమ సగాన్ని కూడా అలాగే కడిగి రుద్దాక, మర్నాడు అక్కడా చుక్కలు రాలేదు.

కడిగి ఆరబెట్టాక గుంటలున్న చోట ఫాస్ఫారిక్ ఆమ్లం ఉండే తుప్పు మందు పూశాను. అది మిగిలిన తుప్పుతో కలిసి నల్లటి ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. డబ్బా మీద రాసినంత సేపు ఉంచి, మిగిలిన ఆమ్లం కడిగేసి, మళ్లీ ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలిపోతే పైన ప్రైమరు, అంటే రంగుకు ముందు వేసే తొలి పూత, నిలవదు. దుకాణంలో "ఇది పూస్తే తుప్పు మీదే రంగు వేసేయొచ్చు" అని చెబుతారు. పొరలు పొరలుగా లేచే తుప్పు మీద అది పని చేయదు, గీకి పలచబడ్డాక పూస్తేనే ఫలితం.

ఫిబ్రవరి మొదట్లో, అతుకు

అడుగున వెనక మూల అరచేయంత మేర రేకు పూర్తిగా పోయింది. లప్పంతో పూడ్చే పరిస్థితి కాదు. బరువు మోసే చోటు. వీధి చివర వెల్డింగ్ షాపు ఆయన వచ్చి రేకును వేలితో తట్టి చూశాడు.

"ఆర్క్ పెడితే బొక్క పెద్దదైపోద్ది మేడం. రేకు పల్చగా ఉంది. గ్యాస్ మీద ఇత్తడి పెడదాం."

సరైన మాట. బీరువా రేకు 22 గేజి చుట్టుపక్కల, అంటే ముప్పావు మిల్లీమీటరు మందం. దాని మీద మామూలు ఆర్క్ వెల్డింగ్ కాలుస్తూ పోతుంది. తినేసిన భాగాన్ని గట్టి రేకు వచ్చేదాకా కత్తిరించి, అదే మందం ముక్క పెట్టి, చుట్టూ ఇత్తడితో అతికించాడు. పని చాలా చక్కగా వచ్చింది. అయితే ఇత్తడి అతుకు పట్టడానికి వాడే ఫ్లక్స్ అనే మందు గాజులాగా అంటుకుని మిగిలిపోతుంది, తేమ తగిలితే ఇనుమును తినేది అది కూడా. వేడినీళ్లు పోసి, వైర్ బ్రష్‌తో అదంతా రాల్చి కడిగాను. ఇత్తడి, ఇనుము పక్కపక్కనే ఉన్నచోట ఉప్పు తేమ చేరితే ఇనుమే ముందు పోతుంది కాబట్టి ఆ అతుకు మీద ప్రైమరు ఒక చెయ్యి (కోటు) ఎక్కువే పడింది.

ప్రైమరు

చాలా దుకాణాల్లో ఇనుముకు వేసే ఎర్ర ప్రైమరు, రెడాక్సైడ్, అడిగితే చేతికి వచ్చేది జింక్ క్రోమేట్ రకం. తుప్పును బాగానే ఆపుతుంది గానీ క్రోమేట్ క్యాన్సర్ కారకం, తర్వాత ఎప్పుడైనా రుద్దితే ఆ దుమ్ము పీల్చాల్సింది మనమే. పూర్ణా మార్కెట్ దగ్గర వెతికి జింక్ ఫాస్ఫేట్ రెడాక్సైడ్ తెచ్చాను. డబ్బా మీద ఐఎస్ 12744 అని ఉంటుంది, అది చూసి తీసుకోవచ్చు. అడుగు పలకకు, కాళ్లకు మాత్రం టూ ప్యాక్ ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు. రెండు డబ్బాలూ చెప్పిన కొలతలో కలిపి, కాసేపు అలా ఉంచి, తర్వాత వేయాలి. కలిపిన దాన్ని కొన్ని గంటల్లో వాడేయాలి కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకున్నాను.

వేళ ముఖ్యం. ఫిబ్రవరిలో మాకు పొద్దున మంచు పడుతుంది. తొమ్మిదింటికి కూడా రేకు మీద చెయ్యి పెడితే చల్లగా, జిడ్డుగా తగులుతుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే రంగు వేయకూడదు, రేకు వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. తేమ చూపించే చిన్న మీటరు ఒకటి వరండాలో తగిలించాను. పదకొండు తర్వాత మొదలుపెట్టి, మూడింటికల్లా బ్రష్ కడిగేయడం. పొద్దున రుద్దిన భాగానికి అదే రోజు ప్రైమరు పడాలి, రాత్రికి వట్టి ఇనుము మిగలకూడదు.

కుర్చీలు

కుర్చీల సంగతి తొందరగా తేలింది. గొట్టాలు, ఒంపులు, రివెట్లు ఎక్కువ. బ్రష్‌తో వేస్తే ప్రతి మూలలో రంగు కారుతుంది, మడత పెట్టిన ప్రతిసారీ గీరుకుపోతుంది. గాజువాక ఆటోనగర్‌లో పౌడర్ కోటింగ్‌కు ఇచ్చేశాను. వాళ్లు ముందు రసాయన తొట్లలో ముంచి పాత రంగు, తుప్పు తీసి, ఫాస్ఫేట్ పట్టించి, పొడి చల్లి, ఓవెన్‌లో 180 నుంచి 200 డిగ్రీల దగ్గర కాలుస్తారు.

ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి రెండు. మామూలు లప్పం ఆ వేడికి తట్టుకోదు, కాబట్టి సొట్టలు పోవాలంటే సుత్తితో సరిచేయించి ఇవ్వాలి. గొట్టాల చివర రబ్బరు బుష్‌లు తీసేసి ఇవ్వాలి, లేకపోతే లోపల ఇరుక్కున్న నీరు ఓవెన్‌లో ఆవిరై బయటికొచ్చే దారిలో పూతకు బుడగలు తెస్తుంది. బీరువా మొత్తం కూడా ఇలా చేయించొచ్చు కదా అని ఆడపడుచు ఫోన్లో అడిగింది. దాని తలుపుల సొట్టలకు లప్పం తప్పదు, పైగా గట్టిగా ఉన్న పాత పొర కూడా పోతుంది. అందుకే వద్దనుకున్నాను.

ఫిబ్రవరి చివర, లప్పం

తలుపు మధ్యలో రెండు పెద్ద సొట్టలు. లోపలి వైపు నుంచి రబ్బరు సుత్తితో, బయట చెక్క ముక్క ఆనించి చాలావరకు లేపాం. మిగిలిన పల్లానికి మోటారు బండ్లకు వాడే పాలియెస్టర్ లప్పం, దాని మీద సన్న గీతలకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లప్పం. పలచగా పట్టీ లాగాలి. ఒకేసారి మందంగా వేస్తే లోపల ఆరదు, తర్వాత కుంగుతుంది. చూపుకు అంతా చదునుగా అనిపించినా, పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని తలుపు మీద జరిపితే ఎత్తుపల్లాలు చక్కగా తెలుస్తాయి. ఈ కిటుకు కారు రంగులు వేసే షెడ్డులో నేర్చుకున్నదే. 320 పేపరు చెక్క ముక్కకు చుట్టి రుద్ది, మళ్లీ ఒక చెయ్యి ప్రైమరు వేశాను.

మార్చి, రంగు

ఏ రంగు అన్న ప్రశ్నకు ఇంట్లో ఎవరి మాట వాళ్లకుంది. పిల్లలు తెలుపు, మావారు బూడిద. అత్తయ్య ఏమీ అనలేదు. లోపలి అర వెనక ఎండ తగలని చోట పాత ఆకుపచ్చ పెచ్చు ఒకటి దొరికితే, చేతిలో పెట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశారు. ఆ పెచ్చునే కవరులో పెట్టి రంగుల దుకాణానికి తీసుకెళ్లి, మిషన్ మీద దానికి దగ్గర షేడు కలిపించాను.

బయటి వైపు మొత్తం లెక్కేస్తే సుమారు 65 చదరపు అడుగులు. లీటరు సింథటిక్ ఎనామెల్ రెండు చేతులకు సరిపోతుంది. స్ప్రే చేయించలేదు. ఇంట్లో ఆ రంగు తుంపరతో తంటాలు పడాల్సిన అవసరం కనిపించలేదు. తలుపులను స్టూళ్ల మీద పడుకోబెట్టి, నాలుగంగుళాల రోలర్‌తో పలచగా పరిచి, వెంటనే మెత్తటి బ్రష్ మొనతో పై నుంచి కింది దాకా ఒక్క గీతగా లాగడం. టర్పెంటైన్ చాలా కొద్దిగా కలిపాను. బ్రష్ లాగిన వెంటనే సన్నటి గాడులు కనిపిస్తాయి. పక్కకు వంగి వెలుతురులో చూస్తే అవి ఒక్కొక్కటే పూడుకుంటూ, కాసేపటికి కిటికీ ఊచల నీడ వంకర లేకుండా పడుతుంది. ఆ సమయంలో ఇక బ్రష్ ముట్టుకోకూడదు. ఆరడం మొదలైన రంగును మళ్లీ కదిపితే ఆ గాడి శాశ్వతం.

మొదటి చెయ్యి ఒక రోజంతా ఆరాక 400 పేపరుతో మెరుపు పోయేంతవరకే రుద్ది, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, రెండో చెయ్యి. ప్రతి మడత అంచుకు రోలర్ కంటే ముందు బ్రష్‌తో ఒక గీత వేశాను. పదునైన అంచు మీద రంగు పలచబడుతుంది, తుప్పు ఎప్పుడూ అక్కడి నుంచే మొదలవుతుంది.

తాళం భాగాలు కిరసనాయిలులో నానబెట్టి శుభ్రం చేసి, కడ్డీలకు పలచగా గ్రీజు పెట్టాను. తాళంచెవి బొక్కలో నూనె పోయలేదు, దుమ్ము పట్టి మళ్లీ బిగుస్తుంది. మెత్తటి పెన్సిలు ముల్లు పొడి చేసి వేస్తే చెవి హాయిగా తిరుగుతోంది.

మార్చి మూడో వారం

బీరువా మళ్లీ నైరుతి మూలకే చేరింది, గోడకు నాలుగంగుళాలు ఎడంగా, కాళ్ల కింద గ్రానైట్ ముక్కలతో. ఈ ఎడం చాలా అవసరం, వానాకాలంలో ఆ గోడ చెమ్మగిల్లుతుంది.

ఇంకో సంగతి అత్తయ్యతో కూర్చుని మాట్లాడాను. మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు దిష్టి పోవాలని నీళ్లలో కల్లుప్పు వేసి ఇల్లు తుడుస్తారు. బీరువా కాళ్లు, కింది అంచు ఏళ్లుగా ఆ నీళ్లలోనే తడుస్తున్నాయి. తుఫాను ఒక్కసారి వచ్చి పోయింది. ఇది మాత్రం వారానికి రెండుసార్లు.

"అయితే ఉప్పు మానేయాలంటావా?"

"వద్దు అత్తయ్యా, ఇల్లంతా అలాగే తుడుద్దాం. బీరువా చుట్టూ మూరెడు మేర మాత్రం మామూలు నీళ్లతో, పొడిగుడ్డతో."

"అంతేగా, గుమ్మం దగ్గర ఉప్పు పడితే చాల్లే," అన్నారు. అప్పటి నుంచి ఆ మూలకు వేరే బకెట్టు.

పట్టుచీరలు ఇంకా సర్దలేదు. ఎనామెల్ ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఇప్పుడే అరల్లో న్యూస్‌పేపరు పరిస్తే అతుక్కుని అక్షరాలు రంగు మీదకు దిగుతాయి, చీరలకు వాసన పడుతుంది. తలుపులు తీసి ఉంచి, రోజూ పగలు గాలి తగలనిస్తున్నాను. ఉగాదికి సర్దుదామని అత్తయ్య అన్నారు గానీ, వాసన పూర్తిగా పోయాకే అని ఒప్పించాను.

మిగిలిన ఆకుపచ్చ రంగును చిన్న గాజు సీసాలో మూతదాకా నింపి, షేడు నంబరు రాసి పెట్టాను. గాలి తక్కువుంటే పైన మీగడ కట్టదు. గీత పడిన చోట అదే వారంలో ఒక చుక్క పెట్టేయాలి. ట్రంకుపెట్టెకు పాత రంగు తీయడం అయింది, ఒకసారి కడిగాను. ప్రైమరు ఏప్రిల్‌లోపు వేసేస్తాను, ఎందుకంటే జూన్ తర్వాత ఇక్కడి తేమలో మళ్లీ చలికాలం దాకా డబ్బా మూత తీయను.